ఎలీసమ్మ ప్రార్థన మానేసిన సంగతి

పెదనందిపాడు దాటి పర్చూరు వెళ్లే దారిలో, కాలవకి అవతల ఉన్న పాలెంలో ప్రార్థన అంటే ఎలీసమ్మదే అనేవాళ్లు. పాస్టరు గారు చేసేది ఆరాధన, ఎలీసమ్మ చేసేది ప్రార్థన. ఒంట్లో బాగాలేకపోయినా, పిల్లలకు పరీక్షలున్నా, గేదె ఈనలేక అవస్థ పడుతున్నా జనం ముందు ఆమె గడప తొక్కేవాళ్లు.

ఆమెకు అక్షరం ముక్క రాదు. కాపురానికి వచ్చిన కొత్తలో, చూపు ఆనని అత్తగారికి మరిది సాయంత్రాలు బైబిలు చదివి వినిపిస్తుంటే పొయ్యి దగ్గర కూర్చుని విన్నది. విన్నది మనసులో ఉండిపోయింది. భర్త ఇమ్మానియేలు కిడ్నీ జబ్బుతో పోయాక, ముప్ఫై ఎనిమిదో ఏట, చర్చిలో మొదటిసారి లేచి నిలబడింది. తన కష్టం చెప్పుకుందామని లేచిన మనిషి పక్కింటావిడ కష్టం చెప్పింది, ఎదురింటి పిల్లవాడి జ్వరం చెప్పింది, వాన లేక వాలిపోతున్న మిరప మొక్కల సంగతి చెప్పింది. ఆమె కూర్చునేసరికి ఆడవాళ్లందరూ కళ్లొత్తుకుంటున్నారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆ పాలెం ఆమెను కూర్చోనివ్వలేదు.

పదో తరగతి రెండుసార్లు తప్పి పత్తి తీతకు వస్తున్న హెలెన్ తల మీద చెయ్యి పెట్టి ఒకరోజు, "ఇవి పత్తి తీసే చేతులు కావు ప్రభువా, జబ్బు మనుషుల్ని లేపి కూర్చోబెట్టే చేతులు" అందట. హెలెన్ ఇప్పుడు గుంటూరులో నర్సు. పాలెం వచ్చినప్పుడల్లా ఆ మాట గుర్తు చేసి ఎలీసమ్మ చేతులు పట్టుకుంటుంది. ఎలీసమ్మకు మాత్రం ఆ మాట అన్నట్టే గుర్తు లేదు. ఆమెకు గుర్తున్న మాటలు వేరే ఉన్నాయి. అవి పొల్లు పోకుండా గుర్తున్నాయి.

బతుకుతెరువు మటుకు ప్రార్థన కాదు, కూలి. పద్నాలుగు మంది ఆడవాళ్ల ముఠాకి ఆమే మేస్త్రి. శీతాకాలం పత్తి తీత, ఆ పైన ఎండలు ముదిరేదాకా మిరప కోత. పొద్దున్నే చర్చి ముందు ఆటో ఆగేది. అందరూ ఎక్కే ముందు ఎలీసమ్మ రెండు నిమిషాలు ప్రార్థన చేసేది. డ్రైవరు ఇంజను ఆపేవాడు. ముఠాలో ఉన్న రసూల్‌బీకి ఆమె నమాజు ఆమెకున్నా, ఆ రెండు నిమిషాలూ కొంగు తల మీద కప్పుకుని నిలబడేది. "మంచి మాట ఎవరి నోట వస్తే ఏంటి, చెవులేగా వినేది" అనేది.

మిరప చేలో సాలుకి ఇద్దరు చొప్పున దిగుతారు. ఎలీసమ్మ జోడీ దేవకుమారి. వరసకు ఆడపడుచు. పాతికేళ్ల పైబడి ఇద్దరిదీ ఒకటే సాలు. ఎలీసమ్మ పొడగరి, పైగా ఎడమ మోకాలు వంగదు. అందుకని ఆమె పై కొమ్మల కాయలు కోస్తే, పొట్టిగా ఉండే దేవకుమారి కింది కొమ్మల కాయలు కోసేది. ఇలా చేద్దామని వాళ్లు ఎప్పుడూ అనుకోలేదు. అలా కుదిరిపోయింది. చేతులు మండుతున్నా నోళ్లు ఆగేవి కావు. దేవకుమారి కూడా భర్త పోయిన మనిషే. ఒక్కడే కొడుకు, ఎలీషా. పెయింటు పనికి వెళ్లేవాడు. మంచివాడే, తాగనంతసేపు.

ఈ చెప్పబోయేది జరిగి రెండేళ్లు దాటింది. నవంబరు నెల, పత్తి తీత నడుస్తోంది. బుధవారం నాడు దేవకుమారి ఎడమ మణికట్టుకు కట్టుతో వచ్చింది. ఆటో దిగుతూ పడ్డానని అందరికీ చెప్పింది. చేలోకి దిగి, మిగతావాళ్లు ముందుకు సాగాక, గొంతు తగ్గించింది.

"పడలేదు వదినా. మావాడే."

ఎలీసమ్మ పత్తి తీస్తున్న చెయ్యి ఆపింది.

"తాగొచ్చాడు. ఎందుకురా ఇలా అయిపోతున్నావు అన్నాను. నా చెయ్యి పట్టుకుని మెలిపెట్టాడు. తెల్లారి లేచి కాళ్ల మీద పడి ఏడ్చాడు వదినా. వాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి కట్టు కట్టించాడు. ఇంతకుముందు కూడా ఏడ్చాడనుకో. ఈసారి ఏడుపు వేరే. నాకు తెలుస్తుందిగా."

"తెలుస్తుందిలే."

"నువ్వు ఎక్కడా అనమాక."

"నాకెందుకే అనటం. నా నోట్లోంచి రాదు."

ఆ మాట అన్నప్పుడు ఎలీసమ్మ మనసులో దాన్ని తప్పే ఉద్దేశం ఏ మూలా లేదు. ఆ తర్వాత ఎన్నోసార్లు తన్ను తాను అడిగి చూసుకుంది. లేదు.

శుక్రవారం చర్చిలో ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన. ఆ యేడే చర్చికి కొత్త మైకు కొన్నారు. పైకప్పు మీద కట్టిన లౌడుస్పీకరును సెంటరు వైపు తిప్పమని పాస్టరు గారిని అడిగింది ఎలీసమ్మే. చర్చికి రానివాళ్ల చెవిన కూడా నాలుగు మంచి మాటలు పడతాయని.

మధ్యాహ్నం కావస్తుండగా మైకు ఆమె చేతికి వచ్చింది. ముందు వానల కోసం, తర్వాత జ్వరాలతో ఉన్నవాళ్ల కోసం, తర్వాత పరీక్షలు రాసే పిల్లల కోసం ప్రార్థించింది. ప్రతి మాటకూ వెనక నుంచి ఆమేన్ వస్తోంది. ఇంకా గట్టిగా వస్తోంది. ఆ ఊపు ఎలా ఉంటుందో ఎలీసమ్మకు తెలుసు. నిండు కాలవలోకి దిగితే నీళ్లే మనిషిని తీసుకుపోయినట్టు ఉంటుంది. తల్లుల కోసం ప్రార్థన మొదలుపెట్టింది. కళ్లు మూసుకునే ఉంది. మూసిన కళ్ల ముందు కట్టు కట్టిన చెయ్యి కనిపించింది.

"తొమ్మిది నెలలు మోసిన తల్లి, ప్రభువా! అన్నం కలిపి నోట్లో పెట్టిన చెయ్యి, ప్రభువా! ఆ చెయ్యినే పట్టుకుని మెలిపెట్టిన కొడుకు మా మధ్యే తిరుగుతున్నాడు. వాడి కుడిచేతికి బుద్ధి చెప్పు తండ్రీ!"

ఆడవాళ్లు భోరుమన్నారు. ఆమేన్ చర్చి దద్దరిల్లేలా వచ్చింది. అంత గట్టి ఆమేన్ ఇరవై ఏళ్లలో ఎన్నడూ రాలేదు. కళ్లు తెరిచేసరికి రెండు వరసల అవతల దేవకుమారి కట్టు చేతిని కొంగు కిందికి లాక్కుంటూ కనిపించింది. చుట్టూ కూర్చున్నవాళ్లు ఆమెనే చూస్తున్నారు.

సెంటర్లో ఏం జరిగిందో ఎలీసమ్మకు సాయంత్రం తెలిసింది. ఎలీషా టీ కొట్టు దగ్గర స్నేహితులతో నిలబడి ఉన్నాడు. లౌడుస్పీకరులో మాట అక్కడున్న అందరూ విన్నారట. ఆ తర్వాత ఒకడు నవ్వుతూ అడిగాడు. "ఏరా ఎలీషా, మీ అమ్మ ఆటో దిగుతూ పడిందన్నావు. ఆ ఆటో నంబరెంతరా?"

ఎలీషా సగం తాగిన గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే దేవకుమారి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గడప బయటే నిలబడింది.

"పేరెత్తలేదే నేను" అంది ఎలీసమ్మ ముందుగానే.

"పాలెంలో కట్టు కట్టిన చేతులు ఎన్ని ఉన్నాయి వదినా?"

"నీకోసమే చేశానే. వాడు మారాలనే కదా."

దేవకుమారి, "దేవుడికి నేను చెప్పుకోలేననుకున్నావా? రోజూ చెప్పుకుంటున్నాను. నీకు చెప్పుకున్నది వేరే" అంది.

అంతే. గొంతు పెంచలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే ఎలీసమ్మకు బదులు చెప్పే దారి ఉండేది.

సోమవారం ఎలీషా చీమకుర్తి వెళ్లిపోయాడు, గ్రానైటు కోసే యూనిట్లో పనికి. ఆ పై ఆదివారం పాస్టరు గారు ప్రసంగంలో, ఒక యవ్వనస్థుడు చెడు స్నేహాలు వదిలి కష్టపడి బతకడానికి బయలుదేరాడని, ప్రార్థనకు అంత బలముందని చెప్పారు. జనం ఎలీసమ్మ వైపు తిరిగి చూశారు. ఆమె తల వంచుకుంది. అది వినయం అనుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ ఒక్క ఆదివారం ఆమె కూడా కాస్త నమ్మింది. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాక, తెల్లారి లేచి కాళ్ల మీద పడి ఏడ్చాడన్న మాట గుర్తొచ్చింది. దేవకుమారి ఆ మాట చెప్పింది. తనే విన్నది. మైకు ముందు మెలిపెట్టిన చెయ్యే నోటికి వచ్చింది గానీ, ఆ చేత్తోనే కట్టు కట్టించిన సంగతి రాలేదు. వస్తే ఆమేన్ అంత గట్టిగా వచ్చేది కాదు. అన్నం సహించక లేచింది.

మర్నాడు దేవకుమారి ఆటో దగ్గరికి రాలేదు. పై వీధి ఆదెమ్మ ముఠాలో చేరింది.

ఆ రోజు నుంచి ఎలీసమ్మ పైకి ప్రార్థన చెయ్యలేదు. ఆటో ముందు అందరూ తల మీద కొంగు కప్పుకుని నిలబడితే, "ఎవరికి వాళ్లు చేసుకోండి" అని ఎక్కి కూర్చుంది.

"ఏంటక్కా, స్టాకు అయిపోయిందా?" అంది రసూల్‌బీ.

అందరూ నవ్వారు. ఎలీసమ్మ కూడా నవ్వింది. వారం గడిచినా ఆమె నోరు విప్పకపోయేసరికి నవ్వడం మానేశారు. చర్చిలో మైకు చేతికిస్తే పక్కావిడకు అందించేది. గొంతు బాగాలేదనేది. గొంతు రెండేళ్లు బాగాలేకుండా ఎలా ఉంటుందని ఎవరూ అడగలేదు. కొందరు గర్వం అన్నారు. కొందరు విశ్వాసం తగ్గిందన్నారు. చేలో వేరే అమ్మాయి జోడీగా వచ్చింది గానీ ఇద్దరూ పై కాయలే కోసేవాళ్లు. కింది కొమ్మల్లో కాయలు వదిలేస్తున్నారని రైతు సణిగితే, ఎలీసమ్మ కాలు చాపుకుని నేల మీద కూర్చుని జరుగుతూ అవి కోసేది.

మూడో క్రిస్మస్‌కు కూడా ఎలీషా రాలేదు. తల్లికి నెలకోసారి ఫోను చేస్తాడని, బాగున్నావా అని అడిగి పెట్టేస్తాడని పాలెంలో చెప్పుకుంటారు. క్రిస్మస్ ముందురోజు దేవకుమారి కొత్త చీర కట్టుకుని బస్టాపులో మధ్యాహ్నం బస్సు దాకా నిలబడింది. బస్సు ఆగింది, ఇద్దరు దిగారు. వాళ్లలో ఎలీషా లేడు. చర్చికి రంగుకాగితాలు కడుతున్న ఎలీసమ్మ అది దూరం నుంచి చూసింది.

ఫిబ్రవరిలో, మిరప మొదటి కోత అయ్యి రెండో కోతకు కాయ పండేలోగా దొరికిన విరామంలో, ఎలీసమ్మ ఒంగోలు వెళ్లి బస్సు మారి చీమకుర్తిలో దిగింది. దుమ్ములో, లారీల మధ్య దారి అడుగుతూ యూనిట్ పట్టుకుంది. రేకుల షెడ్డు లోపల ఇంటి గోడంత రాయిని రంపం కోస్తోంది. రంపం మీద నీళ్లు పడుతున్నాయి, నేలంతా తెల్లటి బురద. ఆ మోతలో మాట వినపడదు. పనివాళ్లు చేతి సైగలతోనే అన్నీ చెప్పుకుంటున్నారు. ఎలీషాను ఆమె గుర్తుపట్టే లోపు అతనే చూశాడు. పక్కవాడికి సైగ చేసి బయటికి వచ్చాడు.

"అమ్మకేమైనా అయిందా అత్తా?"

"ఏం కాలేదు. బాగానే ఉంది. నేను నీకోసమే వచ్చాను."

అతను ఆమెను రోడ్డు పక్క టీ బండి దగ్గరికి తీసుకెళ్లి, స్టూలు తుడిచి కూర్చోబెట్టాడు. ఒళ్లు వచ్చింది. గడ్డంలో రాతిపొడి ఉంది. ఎలీసమ్మ బస్సులో కూర్చుని అనుకున్న మాటలన్నీ ఇక్కడ పనికిరాకుండా పోయాయి.

"తప్పు చేశానురా" అంది.

"మీరు అబద్ధం చెప్పలేదుగా అత్తా."

"సగమే చెప్పాను."

అతను ఆమె వైపు చూశాడు. "అయితే అమ్మ చెప్పిందా మీకు? తెల్లారి సంగతి?"

"చెప్పింది."

ఎలీషా టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. "చెప్పలేదేమో అనుకున్నాను ఇన్నాళ్లూ" అన్నాడు. "తెలియక అన్నారులే అనుకున్నాను."

ఆమెకు అక్కడి నుంచి లేచి వెళ్లిపోవాలనిపించింది.

"ఒకసారి ఇంటికి రారా. మీ అమ్మ బస్టాపులో నిలబడుతోంది."

"ఎలా రమ్మంటారత్తా? సెంటర్లో గ్లాసు పట్టుకుంటే అందరూ నా చెయ్యే చూస్తారు. ఇక్కడ ఎవరికీ తెలవదు. ఇక్కడ ఇది రాయి మోసే చెయ్యి, అంతే." గ్లాసు కింద పెట్టి, "తాగుడు మానేశాను" అన్నాడు. "వచ్చే ఈస్టరుకి రెండేళ్లు నిండుతాయి."

ఎలీసమ్మ కళ్లు నిండాయి. "మీ అమ్మకి చెప్పావా?"

"లేదు. మీరూ చెప్పొద్దు. మానేశానని అమ్మకి ఇంతకుముందు నాలుగుసార్లు చెప్పాను. నాలుగుసార్లూ నమ్మింది. ఈసారి మాటతో చెప్పదల్చుకోలేదు. రెండేళ్లు నిండాక వచ్చి ఎదురుగా నిలబడతాను. నిలబడగలిగితేనే." సగం నవ్వాడు. "మాటిస్తారా అత్తా?"

ఆ నవ్వు ఆమెకు తగలాల్సిన చోటే తగిలింది.

"మాట ఇవ్వనురా. చెప్పను."

పది రోజులకు రెండో కోత వచ్చింది. పెద్ద చెరువు కింద పదెకరాల చేను, కాయంతా ఒక్కసారే పండింది. ఒక ముఠాతో తెమలదని రైతు ఆదెమ్మ ముఠాను కూడా పిలిచాడు. రెండు ఆటోల ఆడవాళ్లు, చీరల మీద మగవాళ్ల చొక్కాలు తొడుక్కుని, ముక్కులకు గుడ్డలు కట్టుకుని, చేనుకి రెండు పక్కల నుంచి దిగారు. పొద్దెక్కేసరికి రెండు ముఠాలూ చేను మధ్యలోకి చేరాయి.

ఎలీసమ్మ జోడీ అమ్మాయి నీళ్లకు వెళ్లింది. ఎలీసమ్మ తల వంచుకుని కోస్తోంది. సాలుకి అవతల ఎవరో వచ్చి నిలబడ్డారు. తలెత్తకుండానే కాళ్లు గుర్తుపట్టింది.

"చీమకుర్తి వెళ్లావంట" అంది దేవకుమారి.

"వెళ్లాను."

"ఎలా ఉన్నాడు?"

"బాగున్నాడు. ఒళ్లు చేశాడు. టీ ఇప్పించాడు నాకు."

దేవకుమారి వంగింది. ఏదో అడగబోయే ముందు చేతులకు పని కావాల్సివచ్చినట్టు, కింది కొమ్మల కాయలు కోయడం మొదలుపెట్టింది. కోసిన కాయలు ఎలీసమ్మ పరుచుకున్న గోనె పట్టాలోనే వేస్తోంది. ఇద్దరూ ఒక్కొక్క మొక్కే జరుగుతున్నారు. ఎలీసమ్మ పైన, ఆమె కింద. నాలుగైదు మొక్కలు దాటాక తలెత్తకుండానే అడిగింది.

"తాగుతున్నాడా?"

ఎలీసమ్మ చెయ్యి కొమ్మ మీదే ఆగిపోయింది. లేదు అన్న ఒక్క మాట చాలు. ఆ మాట అంటే దేవకుమారి తలెత్తుతుంది. ఏడుస్తుంది. మళ్లీ ఈ సాలులోకి వస్తుంది. రేపటి నుంచి ఆటోలో పక్కనే కూర్చుంటుంది. అదంతా ఎలీసమ్మకు కళ్ల ముందు కనపడింది. ఈస్టరుకింకా రెండు నెలలు కూడా లేదు. కానీ ఆ రెండు నెలలు వాడివి. ఈలోగా వాడు జారితే, చెప్పిన ఈ మాట దేవకుమారికి ఐదోసారి అవుతుంది.

"ఆ సంగతి వాడే వచ్చి చెప్తానన్నాడు. నన్ను చెప్పొద్దన్నాడు."

"నిన్నా?"

"నన్నే."

"మంచి సంగతా, చెడ్డ సంగతా? అదొక్కటి చెప్పు."

ఎలీసమ్మ ముక్కుగుడ్డ లోపల పెదవులు బిగించుకుంది. దేవకుమారి ఆమె కళ్లలోకి చాలాసేపు చూసింది. మిరప ఘాటుకి ఇద్దరి కళ్లూ ఎర్రగానే ఉన్నాయి, వాటిలో ఏముందో తెలిసే వీల్లేదు.

"మంచిదైతే చెప్పేదానివే" అంది దేవకుమారి చివరికి. "నీ నోటి సంగతి నాకు తెలవదా వదినా. అప్పుడు మూసుకోవాల్సిన నోరు, ఇప్పుడు మూసుకున్నావు."

చేతిలో మిగిలిన కాయలు పట్టాలో వేసి, చొక్కా దులుపుకుని, మొక్కలు దాటుకుంటూ తన ముఠా వైపు వెళ్లిపోయింది. ఎలీసమ్మ ముక్కుగుడ్డ కిందికి లాగింది. పిలవడానికి నోరు తెరిచింది. దేవకుమారి ఇంకా వినపడేంత దూరంలోనే ఉంది. ఆమె వీపు, తల చుట్టూ కట్టుకున్న తుండు, భుజాలు జారిన నీలం చొక్కా కనపడుతున్నాయి. ఆ చొక్కా ఎప్పటిదో, ఎలీషాది అయివుండాలి. పది సాళ్లు దాటేదాకా ఎలీసమ్మ అలాగే చూస్తూ నిలబడింది. ఆ తర్వాత గుడ్డ మళ్లీ ముక్కు మీదికి లాక్కుంది.

జోడీ అమ్మాయి నీళ్ల బాటిలు తెచ్చి ఇచ్చి, సాలు చూసి ఆశ్చర్యపోయింది.

"ఇదేంటి పెద్దమ్మా, ఇక్కడిదాకా కింద ఒక్క కాయ లేదు. నువ్వే కోశావా?"

"లేదు" అంది ఎలీసమ్మ.

దేవకుమారి వదిలిపెట్టి వెళ్లిన మొక్క దగ్గర నుంచి కింది కొమ్మలు ఎర్రగా వేలాడుతున్నాయి. ఎలీసమ్మ పట్టా ముందుకు జరుపుకుని, ఎడమ కాలు చాపి, మెల్లగా నేల మీద కూర్చుంది.